బొటనవేలి మొదలు విరిగితే



పోయిన నెల మన గ్రూపులో ఒక చెల్లెమ్మ ఒక ప్రశ్న అడిగింది. వాళ్ళ అబ్బాయి మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. కుడిచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టుకు దగ్గరగా వాచింది. ఎక్స్‌రే తీస్తే ఎముక విరిగి ఉంది. డాక్టరు చిన్న ఆపరేషను చేసి వైరు పెట్టాలన్నారు. ఇంట్లో అవ్వ మాత్రం "వేలికి ఆపరేషను ఏంది, పుత్తూరు కట్టు కట్టిస్తే పదైదు దినాల్లో అదే సరిపోతుంది" అనిందంట. "అన్నా, ఏది చెయ్యమంటారు?" అని ఆమె అడిగితే కింద నలభై మంది నలభై మాటలు రాసినారు. ఒకరు పసుపు, ఒకరు చింతాకు, ఒకరు ఆపరేషను అంటే డబ్బు గుంజేదానికి అని.

నేను వైద్యుణ్ణి కాను. ఆ రోజు ఒక్క మాటే రాశాను: "ఎవరి దగ్గరికి పోయినా ఈ వారంలోనే పోండి, దినాలు జరపొద్దు." ఎందుకు అలా రాశానో చెప్పాలంటే పెద్ద కథ అవుతుంది. ఆ కథే ఇది. పోయినసారి రైలు టిక్కెట్ల చరిత్ర రాసినప్పుడు శానామంది చదివినారు గదా, ఇది కూడా ఓపిగ్గా చదవండి. నేను బడిలో చదివింది తమిళం. తెలుగు ఇంట్లో మా అమ్మ దగ్గర, తర్వాత పత్రికల్లో నేర్చుకున్నది. వైద్యం మాటలకు సరైన తెలుగు దొరకని చోట డాక్టర్లు అనే మాటే వాడతాను.

ముందు నా సొంత చెయ్యి సంగతి. 1987 నవంబరు, మన వైపు వానలు దంచే నెల. రాత్రి డ్యూటీ ముగించుకుని సైకిలు మీద ఇంటికి వస్తా ఉంటే గుంతలో చక్రం దిగి ముందుకు పడ్డాను. రెండు చేతులూ హ్యాండిలును గట్టిగా పట్టుకునే ఉన్నాయి, వదల్లేదు. అదే తప్పు అయింది. కుడి బొటనవేలి మొదట్లో కలుక్కుమంది. తెల్లారేసరికి ఉబ్బింది. మా వీధిలో బెణుకును సుళుకు అంటారు, తమిళం మాట. సుళుకే అనుకున్నాను. ఉప్పు కాపడం పెట్టి, నూనె రాసి, గుడ్డ చుట్టుకుని మూడో రోజు డ్యూటీకి పోయినాను. ఎవరూ తప్పు చెప్పలేదు, ఎవరినీ నేను అడగలేదు. ఎక్స్‌రే అన్న ఆలోచనే రాలేదు. వేలు కదులుతా ఉంది, విరిగితే కదలదు గదా అని నా లెక్క.

అప్పట్లో బుకింగ్ కౌంటరులో అట్ట టిక్కెట్లు. ఎడ్మండ్‌సన్ అనే ఆయన 1830లలో ఇంగ్లండులో చిన్న స్టేషనులో పని చేస్తూ కనిపెట్టిన పద్ధతి, నూట యాభై ఏళ్ళు మన చేతుల్లో ఆడింది. అరలో నుంచి టిక్కెట్టును బొటనవేలితో లాగాలి, తేదీ కొట్టే మిషనులో బొటనవేలితోనే తోయాలి. పండగ రోజుల్లో ఒక షిఫ్టులో వందలసార్లు. టిక్కెట్టు తోసినప్పుడల్లా వేలి మొదట్లో సూది గుచ్చినట్టు ఉండేది. నెలలు గడిచాక నొప్పి తగ్గింది, ఒక చిన్న గడ్డ మాదిరి ఎముక పైకి తేలి అలాగే నిలిచిపోయింది. 2011లో నొప్పి మళ్ళీ మొదలై ఎక్స్‌రే తీయిస్తే డాక్టరు చూసి "ఇది ఎప్పుడో విరిగింది, కీలు లోపల విరిగి పక్కకు అతుక్కుంది, ఇప్పుడు కీలు అరిగింది" అన్నారు. దానికి ఒక పేరు కూడా చెప్పారు. బెన్నెట్ ఫ్రాక్చర్. ఇప్పుడు ఊరగాయ జాడీ మూత తిప్పాలంటే నా భార్యను పిలవాలి.

ఎవరీ బెన్నెట్ అని అప్పటి నుంచి వెతుకుతా వచ్చాను.

ఎడ్వర్డ్ హాలరన్ బెన్నెట్ ఐర్లండు దేశస్థుడు. 1837లో కార్క్ పట్టణంలో పుట్టాడు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో 1873 నుంచి సర్జరీ ప్రొఫెసరు. ఆయనకు ఎముకలంటే పిచ్చి. ఆ కాలేజీ మ్యూజియంలో విరిగిన ఎముకలు కుప్పలుగా పోగు చేశాడు. చనిపోయిన వాళ్ళ శరీరాలను పరీక్షించినప్పుడు ఎక్కడ పాత విరుగుడు కనిపించినా ఆ ఎముకను శుభ్రం చేసి, చీటీ కట్టి దాచాడు. అలా దాచిన వాటిలో బొటనవేలి వెనకాల ఉండే ఎముకలు, మొదట్లో ఏటవాలుగా విరిగినవి ఐదు కనిపించాయి. ఐదూ ఒకే పద్ధతిలో విరిగినవి. అప్పటిదాకా పుస్తకాల్లో ఈ విరుగుడును ఎవరూ ఇంత విడిగా చెప్పలేదు. 1882లో డబ్లిన్ వైద్య పత్రికలో దాన్ని వర్ణించాడు, 1886లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మళ్ళీ రాశాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 1882. రాంట్‌జన్ ఎక్స్‌రే కనిపెట్టింది 1895 నవంబరులో. అంటే పదమూడేళ్ళ ముందు, బతికున్న మనిషి చేతి లోపల ఏముందో చూసే దారే లేని కాలంలో, ఎండిన ఎముకలు పట్టుకుని ఒక మనిషి "బెణుకు అని వదిలేస్తున్న వాటిలో కొన్ని ఇవి" అని చెప్పగలిగాడు. నాకు నూరేళ్ళ తర్వాత, ఊర్లో ఎక్స్‌రే మిషను ఉండి కూడా, సుళుకు అని వదిలేశాను. ఎప్పుడు తలచుకున్నా నాకు సిగ్గేస్తుంది.

సరే, అక్కడ ఏం విరుగుతుంది? బొటనవేలుకు బయట కనిపించే ఎముకలు రెండు. వాటి వెనకాల, అరచేతి కండలో దాగి మూడోది ఉంది, దాన్ని మొదటి మెటాకార్పల్ అంటారు. అది మణికట్టులోని ట్రెపీజియం అనే చిన్న ఎముక మీద కూర్చుంటుంది. ఎలా కూర్చుంటుంది అంటే గుర్రం జీను మీద మనిషి కూర్చున్నట్టు. ముందుకూ వెనక్కూ ఊగవచ్చు, పక్కలకూ ఊగవచ్చు, కొంచెం తిరగనూ వచ్చు. బొటనవేలు మిగిలిన నాలుగు వేళ్ళకూ ఎదురుగా వచ్చి తాకగలిగేది ఈ జీను కీలు వల్లనే. కోతికి కూడా బొటనవేలు ఉంది, కానీ మనలాగా సూదిలో దారం ఎక్కించలేదు. ద్రోణుడు ఏకలవ్యుణ్ణి వేరే ఏ వేలూ అడగలేదు గదా, ఆయనకు తెలుసు.

మా ఉద్యోగంలో ఒక చట్టం పుస్తకం ఎప్పుడూ బల్ల మీద ఉండేది, 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం. దాని షెడ్యూలులో ఏ అంగం పోతే సంపాదించే శక్తి నూటికి ఎంత పోయినట్టు అని పట్టిక ఉండేది. చూపుడు వేలు మొత్తం పోతే 14, నడిమి వేలు 12, ఉంగరపు వేలో చిటికెన వేలో పోతే 7. బొటనవేలు పోతే 30. బొటనవేలితో పాటు దాని మెటాకార్పల్ ఎముక కూడా పోతే 40. అంటే పైకి కనిపించని ఆ ఒక్క ఎముకకే చట్టం పది కట్టింది. నేను ఈ పట్టికను ఎన్నిసార్లు టైపు కొట్టించానో, ఆ పది ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

ఇప్పుడు విరుగుడు సంగతి. వేళ్ళు ముడిచి ఉన్నప్పుడు బొటనవేలి కొన మీద నుంచి మొదలు వైపుకు గట్టి దెబ్బ తగిలితే, పిడికిలితో కొట్టినప్పుడో, సైకిలు హ్యాండిలు పట్టుకుని పడినప్పుడో, ఆ ఎముక మొదలు జీను మీదనే ఏటవాలుగా చీలుతుంది. బాక్సింగ్ ఆడేవాళ్ళకు ఇది పాత చుట్టం. అరచేతి వైపు ఉన్న చిన్న ముక్కను ఒక గట్టి లిగమెంటు ట్రెపీజియానికి కట్టి ఉంచుతుంది, అందుకని ఆ ముక్క కదలదు. మిగతా పెద్ద ఎముక, దానితో పాటు బొటనవేలు మొత్తం, బయటికీ వెనక్కీ జారిపోతుంది. ఎందుకు జారుతుంది? ఆ ఎముక మొదలుకు మోచేతి కింద నుంచి వచ్చే ఒక కండరం తాడు కట్టి ఉంది, అది మణికట్టు వైపుకు లాగుతుంది. అరచేతిలోని ఇంకో కండరం ఎముక అవతలి కొసను లోపలికి లాగుతుంది. మన భాషలో చెప్పాలంటే కప్లింగ్ తెగి, చివరి పెట్టె బ్రేకు వేసుకుని ప్లాట్‌ఫారం మీదే నిలిచింది, ఇంజను మిగతా బండిని లాక్కుని పోయింది. ఇంజను ఎప్పుడూ ఆగదు. చెయ్యి కదిలించినా కదిలించకపోయినా కండరాలు లాగుతూనే ఉంటాయి.

ఈ విషయం అర్థమైతే మిగతా నూరేళ్ళ చరిత్ర అంతా అర్థమవుతుంది. ఈ విరుగుడును సరి చెయ్యడం చాలా సులభం. బొటనవేలిని పొడుగ్గా లాగి, తేలిన ఎముకను వేలితో లోపలికి నొక్కితే టక్కున కూర్చుంటుంది. కష్టమంతా అది కూర్చున్న చోట నిలవడంలోనే. చెయ్యి వదిలితే మళ్ళీ జారుతుంది.

కట్టు కట్టడం మనకు కొత్త కాదు. సుశ్రుత సంహితలో ఎముక విరగడం పన్నెండు రకాలు, కీలు తప్పడం ఆరు రకాలు అని విడదీసి చెప్పారు, రావి, మేడి చెట్ల బెరడుతో బద్దలు కట్టమన్నారు. యూరపులో కూడా చెక్క బద్దలే ఉండేవి. 1850ల మొదట్లో మథైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు గుడ్డలో పొడి సున్నపుజిప్సం రుద్ది, తడిపి చుట్టే కట్టు కనిపెట్టాడు. మాపు కట్టు అని మన వైపు అంటారే, అదే. బెన్నెట్ కాలం నుంచి డాక్టర్లు బొటనవేలికి బద్దలు కట్టారు, మాపు కట్టు కట్టారు, వేలి కొసకు తీగె వేసి బయటికి లాగి పెట్టారు. కొందరికి బాగా కుదిరింది, శానామందికి కట్టు లోపలే ఎముక మళ్ళీ జారింది. వాపు తగ్గగానే కట్టు వదులు అవుతుంది, ఇంజను లాగేది ఆగదు, అంతే.

1910లో సిల్వియో రోలాండో అనే ఇటలీ సర్జను ఇంకో రకం చెప్పాడు. ఇందులో మొదలు ఒక ముక్కగా కాదు, రెండు ముక్కలుగా చీలి, కాడతో కలిపి ఇంగ్లీషు వై అక్షరం మాదిరి అవుతుంది. అప్పటికి ఎక్స్‌రే వచ్చేసింది కాబట్టి ఇవన్నీ బతికున్న వాళ్ళలోనే కనిపించాయి. రోలాండో రకం బెన్నెట్ రకం కన్నా మొండిది. నుజ్జు అయిపోయినదాన్ని నేటికీ పూర్తిగా సరి చెయ్యడం కష్టమే అంటారు.

ఎక్స్‌రేలో కూడా ఒక తిరకాసు ఉంది. చెయ్యిని బల్ల మీద బోర్లా పెట్టి తీస్తే నాలుగు వేళ్ళు నేరుగా కనిపిస్తాయి, బొటనవేలు మాత్రం పక్కకు తిరిగి ఉంటుంది. దాని కీలు సరిగ్గా కనిపించదు. 1936లో రోబేర్ అనే ఫ్రాన్సు వైద్యుడు చేతిని బాగా లోపలికి తిప్పి, బొటనవేలి వీపు బల్లకు ఆనేలా పెట్టి తీసే పద్ధతి చెప్పాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. అందుకని వాపు బొటనవేలి మొదట్లో ఉంటే "చెయ్యి ఎక్స్‌రే" అని కాకుండా "బొటనవేలి ఎక్స్‌రే" అని అడగండి. ఈ ఒక్క మాట ఇందులో నుంచి గుర్తు పెట్టుకున్నా నాకు చాలు.

ఎముకను లోపలే ఇనుముతో బిగించాలనే ఆలోచన ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బలపడింది. బెల్జియంలో ఆల్బిన్ లాంబోట్ అనే సర్జను ప్లేట్లు, స్క్రూలు తానే చేసుకుని వాడాడు. ఆయన ఖాళీ వేళల్లో వయొలిన్లు కూడా తయారు చేసేవాడంట, చేతిపని వచ్చినవాడు. జర్మనీలో మార్టిన్ కిర్ష్నర్ 1909లో సన్నని ఉక్కు కమ్మీని ఎముకలోకి గుచ్చి లాగే పద్ధతి చూపించాడు. ఇవాళ ఏ ఎముకల ఆస్పత్రికి పోయినా "కే వైరు" అంటారే, ఆ "కే" ఆయన పేరే. సైకిలు చక్రం పుల్ల కన్నా సన్నగా ఉంటుంది.

కానీ చేతి విషయంలో సర్జన్లు శానా కాలం భయపడ్డారు. పెన్సిలిన్ లేని కాలం, చీము పడితే వేలు కాదు, చెయ్యే పోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం దాన్ని మార్చింది. వేలమంది సైనికులు పాడైన చేతులతో తిరిగి వచ్చారు. అమెరికాలో స్టెర్లింగ్ బనెల్ 1944లో చేతి శస్త్రచికిత్స మీద పెద్ద పుస్తకం రాశాడు, సైన్యం చేతులకే ప్రత్యేక ఆస్పత్రులు పెట్టింది. ఎముకలు ఒకరు, చర్మం ఒకరు, నరాలు ఒకరు చూసేది పోయి, చెయ్యి మొత్తాన్ని ఒకరే చూసే వైద్యం పుట్టింది.

బొటనవేలి మొదలుకు అసలు మలుపు 1950 చుట్టూ వచ్చింది. ఆ ఏడాదే ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ, తర్వాత తుంటి కీలు మార్పిడితో లోకమంతా పేరు పొందిన ఆయన, కొయ్యకుండా విరుగుళ్ళు మాన్పడం మీద పుస్తకం రాశాడు. సరైన చోట నొక్కి ఒత్తు పెట్టి మాపు కట్టు కడితే ఇది కూడా నిలుస్తుంది అని ఆయన వాదన. ఆయన చేతిలో నిలిచి ఉంటుంది. అదే ఏడాది అమెరికాలో వాగ్నర్ అనే సర్జను, ఎముకను సరి చేసి, చర్మం కొయ్యకుండానే ఒక కిర్ష్నర్ వైరును బొటనవేలి ఎముకలో నుంచి ట్రెపీజియంలోకి దూర్చి బిగించే పద్ధతి రాశాడు. 1956లో పారిస్ సర్జను ఇజెలాన్, ఆయన తోటివాళ్ళు వైరును కీలులో గుచ్చకుండా, బొటనవేలి ఎముకను పక్కనే ఉన్న చూపుడు వేలి ఎముకకు కట్టివేసే దారి చూపించారు. విరిగిన స్తంభాన్ని పక్క స్తంభానికి కట్టినట్టు. కీలు మెత్తదనం పాడవదు.

స్వీడన్ వాళ్ళు ఇంకా ముందుకు పోయారు. గెడ్డా, మోబర్గ్ అనే ఇద్దరు 1953లో, కీలును తెరిచి కంటితో చూసి ముక్కలను అతికించాలి అని రాశారు. మరుసటి ఏడు గెడ్డా ఈ ఒక్క విరుగుడు మీదే పెద్ద గ్రంథం వెలువరించాడు, దాన్ని మూడు రకాలుగా విడదీశాడు. పెద్ద ముక్క చీలి ఎముక జారినది ఒకటి. కీలులో నొక్కుకుపోయినా జారనిది ఒకటి. చిన్న పెళ్ళ మాత్రం ఊడి కీలు తప్పినది ఒకటి. అరచేతి చర్మం, చేతి వెనక చర్మం కలిసే అంచు మీద వాళ్ళు కోసిన గీత ఇప్పటికీ వాళ్ళ పేరుతోనే నడుస్తోంది. ఆ గీత దగ్గర ఒక సన్నని నరం కొమ్మలు ఉంటాయి, అవి తెగితే చిన్న మచ్చే అయినా ముట్టుకుంటే చురుక్కుమంటుంది జీవితమంతా. అందుకే ఇది చిన్న ఆపరేషను అయినా అనుభవం ఉన్న చేతికే ఇవ్వాలి.

1958లో స్విట్జర్లండులో ఎముకల సర్జన్లు ఏవో అనే సంఘం పెట్టుకుని స్క్రూలకూ ప్లేట్లకూ ఒక పద్ధతి ఏర్పాటు చేశారు. ఆ స్క్రూలు తర్వాత చిన్నవై చేతికి కూడా వచ్చాయి, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్నవి. ఊడిన ముక్క పెద్దదైతే స్క్రూ, చిన్నదైతే వైరు, ఇది ఇవాళ్టి మామూలు లెక్క. ఆపరేషను బల్ల మీదే ఎముక కదలిక చూపించే సీ ఆర్మ్ మిషను వచ్చాక వైరు పెట్టడం ఇంకా సులభమైంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచి, బయట రోగుల విభాగంలోనే లాగేస్తారు.

ఆపరేషనే ఎప్పుడూ మేలా అంటే, డాక్టర్ల లోపలే తగాదా ఉంది, దాచను. 1986లో క్యానన్, ఆయన తోటివాళ్ళు పాత రోగులను మళ్ళీ పిలిచి చూస్తే, ఎముక సరిగ్గా అతకని వాళ్ళలో కూడా బాధ తక్కువే అని తేలింది. 1990లో లివ్స్‌లీ కట్టుతో మాత్రమే మానిన వాళ్ళను ఇరవై ఆరేళ్ళ తర్వాత చూశాడు. వాళ్ళలో కదలిక, పట్టు బలం తగ్గి ఉన్నాయి, ఆపరేషను చేసి ఉండాల్సింది అన్నాడు. నాకు లివ్స్‌లీ మాట ఎక్కువ నమ్మబుద్ధి అవుతుంది. పదేళ్ళకు నాకూ నొప్పి లేదు. ఇరవై నాలుగేళ్ళకు వచ్చింది. 1977లో కూనీ, చావ్ అనే ఇద్దరు లెక్క కట్టారు: బొటనవేలితో ఒక కిలో బలంతో చిటికె పడితే మొదట్లోని కీలు మీద పన్నెండు కిలోలు పడుతుంది, గట్టిగా పిడికిలి బిగిస్తే నూట ఇరవై దాకా పోతుంది. గడప మీద చిన్న మెట్టు ఉండి, రోజూ దాని మీద అంత బరువు లాగితే గడప అరగదా?

ఇక పుత్తూరు సంగతి. దీన్ని తప్పించుకుని పోతే ఆ అవ్వ నన్ను వదలదు.

అరక్కోణం జంక్షనులో రెండు దారులు విడిపోతాయి. ఒకటి తిరుత్తణి, పుత్తూరు మీదుగా రేణిగుంటకు, ఇంకొకటి కాట్పాడికి. ఈ వైపు కౌంటరులో కూర్చున్న ఎవరైనా చెబుతారు, చేతికి గుడ్డ చుట్టుకుని, కాలు చాచి, ఇద్దరు మోసుకుని వచ్చి "పుత్తూరుకు మూడు" అని అడిగే వాళ్ళు రోజూ ఉండేవాళ్ళు. తమిళనాడులో ఏ ఊరికి పోయినా పుత్తూరు కట్టు అని తెలుగువాళ్ళ ఊరి పేరుతో బోర్డు ఉంటుంది. అది మనకు గర్వమే. సర్జను లేని కాలంలో, డబ్బు లేని వాళ్ళకు, ఆకుపసరు, గుడ్డ, వెదురు బద్దలతో తరతరాలుగా చేసిన సేవ అది. పిల్లల ముంజేతి ఎముక చర్మం తెగకుండా విరిగి, ఎక్కువ జరగకపోతే, మంచి చెయ్యి కట్టిన కట్టుతో మానుతుంది. మానిన వాళ్ళను నేను చూశాను.

కాట్పాడి టిక్కెట్టు తీసుకునే వాళ్ళు వేలూరు ఆస్పత్రికి. అక్కడ కూడా చేతుల చరిత్రే. కొల్లిమలైలో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్, మిషనరీ దంపతుల కొడుకు, ఇంగ్లండులో సర్జను అయి 1946లో వేలూరు వచ్చాడు. కుష్ఠు వ్యాధితో వేళ్ళు ముడుచుకుపోయి, బొటనవేలు ఎదురుకు రాని చేతులకు, ఒక కండరం తాడును తీసి ఇంకో పనికి మళ్ళించి కుట్టాడు. 1940ల చివర్లో లోకంలో ఎవరూ ముట్టుకోని చేతులు అవి. తర్వాత చేతిలో ఏ తాడు ఎంత బలంతో లాగుతుందో లెక్కలు కట్టి పుస్తకమే రాశాడు. మద్రాసు స్టాన్లీ ఆస్పత్రిలో ప్రొఫెసరు వెంకటస్వామి గారు 1970లలో చేతి గాయాలకే ప్రత్యేకంగా వైద్యం నిలబెట్టారు. ఉత్తర మద్రాసు ఫ్యాక్టరీల్లో మిషన్లలో చేతులు ఇరికినవాళ్ళు అక్కడికే పోయేవాళ్ళు. సర్కారు ఆస్పత్రి, కూలివాడి చెయ్యి. ఆపరేషను అంటే డబ్బు గుంజడమే అని గ్రూపులో రాసిన తమ్ముడు ఇది కూడా చదవాలి.

నేను చెప్పేది ఏమంటే, బొటనవేలి మొదలు విషయంలో ఇది మన కట్టుకూ ఇంగ్లీషు వైద్యానికీ మధ్య తగాదా కాదు. ఇంగ్లీషు డాక్టర్లే డెబ్బై ఏళ్ళు కట్టుతో ప్రయత్నించి, శానాసార్లు ఓడిపోయి, ఆ తర్వాతే వైరుకు వచ్చారు. వాళ్ళ మాపు కట్టు పట్టలేని దాన్ని మన వెదురు బద్ద పట్టలేదంటే అది వెదురు తప్పు కాదు. లోపల లాగే తాడును బయటి నుంచి ఏ గుడ్డా ఆపలేదు. విరిగినది కీలులో కాకుండా కొంచెం పైన, కాడలో అయితే, లేదా కీలులోనే అయినా జారకుండా ఉంటే, డాక్టరే కట్టు చాలు అంటారు. ఆ తేడా చెప్పేది ఎక్స్‌రే ఒక్కటే. వేళ్ళతో తడిమి చెప్పలేం, డబ్లిన్‌లో బెన్నెట్‌కు కూడా ఎండిన ఎముక కావలసి వచ్చింది.

దినాలు జరపొద్దు అన్నది ఇందుకే. మొదటి వారం పది రోజుల్లో లాగితే ఎముక కూర్చుంటుంది. మూడు వారాలు దాటితే తప్పు చోటే అతుక్కోవడం మొదలుపెడుతుంది, అప్పుడు చర్మం మీద నుంచి వైరు పెట్టడం కుదరదు, కోసి విడదీయాలి. ముందు ఒకచోట పదైదు దినాలు కట్టు, మానకపోతే అప్పుడు ఆస్పత్రి అనే మన ఇళ్ళ లెక్క ఈ విరుగుడుకు పనికిరాదు.

ఆపరేషను తర్వాత కూడా పని ఉంది. వైరు బయటికి వచ్చిన చోట శుభ్రంగా పెట్టుకోవాలి, ఎర్రబడినా చీము కనిపించినా అదే రోజు చూపించుకోవాలి. కట్టు బయట ఉన్న మిగతా వేళ్ళను మొదటి రోజు నుంచే ఆడించాలి, లేకపోతే అవి కూడా బిగుసుకుంటాయి. వైరు తీశాక బొటనవేలి కొసను చిటికెన వేలి మొదలుకు తాకించే వ్యాయామం నేర్పుతారు, అది విసుగ్గా ఉన్నా చెయ్యాలి. బండి నడపడం డాక్టరు చెప్పే దాకా వద్దు, మన పిల్లలకు ఇదే కష్టం.

ఆ చెల్లెమ్మ కొడుక్కి పడిన ఆరో రోజున రెండు వైర్లు పెట్టారు. నాలుగో వారం నడుస్తా ఉంది. అవ్వ మాత్రం కట్టు మీద విభూది పూస్తూనే ఉందంట, డాక్టరు చూసి నవ్వి, వైరు మీద మాత్రం పడకుండా చూసుకోండి అన్నారంట. తీసినాక వేలు ఎలా వంగుతుందో ఫోటో పెట్టమని అబ్బాయికి చెప్పి ఉన్నాను.